రెండు రోజుల గడువు

“ఈయన్ని నేను చూస్తాలే ఆర్డిస్. నువ్వెళ్లి కాఫీ తాగిరా,” అన్నాడు డ్వేన్, ఆ రోజు వచ్చేవాళ్ల పేర్ల జాబితా చూసి.

“నీ పని నువ్వు చూసుకో,” అంది ఆర్డిస్.

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరి లైబ్రరీలో ప్రతి మంగళవారం వాళ్లిద్దరూ పక్కపక్క బల్లల దగ్గర కూర్చుంటారు. పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా కాగితాలు నింపిపెడతారు. ఇద్దరూ రిటైరైన టీచర్లే. జీతం లేదు. లైబ్రరీ అమ్మాయి తెచ్చిపెట్టే దాల్చినచెక్క రొట్టె ఒక్కటే ప్రతిఫలం. అది వేడిగా ఉన్న రోజు డ్వేన్ ఈల వేసుకుంటూ పనిచేస్తాడు.

ఆర్డిస్ ఈల వేయదు. పోయినవారం ప్రింటరు మొరాయిస్తే దాన్ని తన్నింది. డెబ్బై నాలుగేళ్లొచ్చినా కోపం తగ్గలేదని ఊరంతా నవ్వుకుంటారు. కానీ ఆమె ఫోన్ పట్టిందంటే పని అయిందన్నమాటే.

లొవెల్ గోడ తడుముకుంటూ వచ్చాడు. కుర్చీ వీపు చేతికి దొరికాక కూర్చున్నాడు. డెబ్బై ఒకటి. రెండు కళ్లలోనూ శుక్లాలు పాలమీగడలా పేరుకున్నాయి. ఎదురుగా మనిషి ఉందని తెలుస్తుంది కానీ, మొహం తెలీదు.

“ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నాడు డాక్టరు, మేడమ్. బీమా ఉంటేనేనట.”

“అరవై అయిదు నిండగానే చేరాలి. ఎందుకు చేరలేదు?”

“అప్పుడు... ఊళ్లో లేను.”

“ఎక్కడున్నారు? ఫారంలో రాయాలి. మీ నోటితో చెప్పండి.”

లొవెల్ ఏదో గొణిగాడు.

“గట్టిగా!”

“జైల్లో ఉన్నాను మేడమ్. ఇరవై ఆరేళ్లు.”

పేపరు చదువుతున్నవాళ్లు తలలు తిప్పారు.

“పంతులమ్మా, కాస్త మెల్లగా,” అన్నాడు డ్వేన్ పక్క బల్ల నుంచి. ఆమె వినిపించుకోలేదు.

బీమా ఆఫీసుకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. నలభై నిమిషాలు ఒకటే సంగీతం.

“లోపల ఇంతకంటే మంచి పాటలు వేసేవాళ్లు,” అన్నాడు లొవెల్.

డ్వేన్‌కి నవ్వు వచ్చింది. ఆర్డిస్ మొహం చూసి మింగేశాడు.

చివరికి ఓ కుర్రగొంతు పలికింది. “అరవై అయిదుకి చేరలేదు కదండీ. మళ్లీ అందర్నీ చేర్చుకునే నెలలు వచ్చేదాకా ఆగాలి. ఆలస్యానికి జరిమానా కూడా ఉంటుంది. నెలనెలా, బతికినంత కాలం.”

లొవెల్ లేచాడు. “పోనివ్వండి మేడమ్. అంత నావల్ల కాదు. ఈ లోకాన్ని చూసింది చాల్లెండి.”

“కూర్చోండి!” ఆర్డిస్ అరచేత్తో బల్ల చరిచింది. “మీరు చూడాల్సింది ఇంకా ఉంది.”

అతను కూర్చున్నాడు. ఆమె ఫోన్ మీదికి వంగింది.

“నాయనా, జీవితంలో ఏదైనా మార్పు వస్తే మళ్లీ గడువు ఇస్తారా, ఇవ్వరా?”

“ఇస్తామండీ. ఉద్యోగం వల్ల వచ్చే బీమా పోయినా, వరద, తుఫాను లాంటివి వచ్చినా...”

“ఆగావేం? కింద ఇంకోటి ఉంది. చదువు.”

కీబోర్డు టకటకలు వినిపించాయి. “ఆఁ... జైలు నుంచి విడుదలైనా. విడుదలైన నెల పోను పన్నెండు నెలల గడువు. జరిమానా ఉండదు. సారీ అండీ, నేను చూసుకోలేదు.”

“నువ్వు చూసుకోకపోతే ఆయన కళ్లు పోతాయి. అర్థమైందా?”

“అయిందండీ. విడుదల ఎప్పుడు?”

“పోయినేడు అక్టోబరు పద్నాలుగు,” అంది ఆర్డిస్. విడుదల కాగితం ఇంకా లొవెల్ కోటు జేబులోనే ఉంది.

“అయితే ఈ నెలాఖరుతో సరి. ఇంకా రెండ్రోజులేనండీ!”

“రెండ్రోజులు నీకు. నాకు ఈ పూటే కావాలి. కాగితాలు ఎక్కడికి పంపాలో చెప్పు.”

సంతకం చేయాల్సిన గీత మీద ఆమె స్కేలు అడ్డం పెట్టింది. లొవెల్ దాన్ని తడుముతూ మెల్లగా పేరు రాశాడు.

“మీ పిల్లలు పెట్టిపుట్టారు మేడమ్. ఇలా పోట్లాడే తల్లి ఎంతమందికి దొరుకుతుంది?”

కాగితాలకు ఒక్క పిన్ను చాలు. ఆర్డిస్ నాలుగు కొట్టింది.

మధ్యాహ్నం దాటాక కబురొచ్చింది. కాగితాలు అందాయి, ఒకటో తారీఖు నుంచి బీమా వర్తిస్తుంది. లైబ్రరీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. లొవెల్ లేచి, మసకలోకి చెయ్యి చాపాడు.

“మంచి మనిషి మేడమ్ మీరు.”

“కాదు.”

చాపిన చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి కిందికి దిగింది.

“ఆపరేషన్ అయ్యాక, కట్టు విప్పిన వారమే ఇక్కడికి రావాలి,” అందామె. “ఇదే కుర్చీలో కూర్చోవాలి.”

“ఇంకా సంతకాలు ఉన్నాయా?”

“లేవు. నా మొహం చూడాలి.”

“అదెంత మాట! ముందు మిమ్మల్ని చూశాకే ఇంకెవర్నయినా,” అని నవ్వుకుంటూ లొవెల్ గోడ పట్టుకుని వెళ్లిపోయాడు.

డ్వేన్ కాఫీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఇరవై ఏడేళ్ల కిందట, పెట్రోలు బంకులో లొవెల్ కాల్చి చంపిన తన పందొమ్మిదేళ్ల కొడుకు ఫొటో ఒళ్లో పెట్టుకుని ఆర్డిస్ కోర్టులో పదకొండు రోజులు మొదటి వరుసలోనే కూర్చుంటే, అతను ఒక్కసారి కూడా తలెత్తి ఆమె మొహం చూడలేదు.