అల్లుడి వరస

రస్సెల్ మ్యాపు పరిచాడో లేదో, నంగల అతనికి వీపు పెట్టి కూర్చుంది.

అతను రోడ్ల శాఖ ఆఫీసరు. ఆమె ఆ ఎర్ర ఎడారి ఆదివాసులకు పెద్ద దిక్కు. వేయబోయే రోడ్డు సరిగ్గా వాళ్ళ చెలమ మీదుగా పోతుంది. ఎన్ని వేసవులు కాసినా ఇంకని చెలమ అది. నంగల తల్లీ, ఆమె తల్లీ కూడా ఆ నీళ్ళు తాగే పెరిగారు. ఇప్పుడు నంగల ఊ అంటే చాలు, వచ్చే వారం యంత్రాలు దిగి చెలమను పూడ్చేస్తాయి. ఆ ఊ కోసమే రస్సెల్ పట్నం నుంచి వచ్చాడు.

"నావల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అని అతను నంగల కూతురు డోరీన్‌ని అడిగాడు. సర్కారు మాట తల్లికీ, తల్లి మాట సర్కారుకీ చేరవేసేది ఆమే.

"తప్పేం లేదు. లేచి ఆ మల్గా చెట్టు కిందకి పో. పొద్దున నీకు జకమర అని పేరు పెట్టాం కదా?"

"పెట్టారు. చాలా సంతోషించాను కూడా."

"జకమర అంటే మా అమ్మకి అల్లుడి వరస. అత్తా అల్లుడూ మాట్లాడుకోరు. మొహాలు కూడా చూసుకోరు. ఏదున్నా నాకు చెప్పు, నేను చెబుతా."

"అయితే మీరు నాకు..."

"పెళ్ళాం వరస. కంగారు పడకు, నాకో మొగుడున్నాడు."

రస్సెల్ చెట్టు కిందకి నడిచాడు. రోడ్డు ఎలా ఉంటుందో చూపే రంగు బొమ్మలు తెచ్చాడు, తియ్యటి మాటలు తెచ్చాడు, ముసలమ్మలను నవ్వించే జోకులు కూడా రెండు మూడు సిద్ధం చేసుకున్నాడు. ఏం లాభం? అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది.

అయినా తన వంతు తను చెప్పాడు. ఆస్పత్రి దగ్గరవుతుందన్నాడు, సరుకులు చవకగా దొరుకుతాయన్నాడు, చెలమ విషయంలో మాత్రం కాస్త సర్దుకోవాల్సి వస్తుందన్నాడు. డోరీన్ ఓపిగ్గా విని తల్లి దగ్గరకు వెళ్ళింది. ఒక్క ముక్క చెప్పి తిరిగొచ్చేసింది.

"అప్పుడే అయిపోయిందా? ఏం చెప్పారు?"

"చెలమ పూడుస్తానంటున్నావని చెప్పా."

"నేనలా అనలేదే."

"అన్నావు. దాని చుట్టూ ఇంకా చాలా అన్నావు. అవన్నీ మోసుకెళ్ళాలంటే నాకు మోకాళ్ళ నొప్పులు."

నంగల పొయ్యి మీది టీ వంచుకుని తీరిగ్గా తాగింది. తాగాక అటు తిరిగే కూతురితో ఏదో అంది.

"మా అల్లుడు అలాంటి మాట అనడే అంటోంది," అంది డోరీన్. "నేను సరిగ్గా విని ఉండనట. మళ్ళీ అడిగి రమ్మంది."

రస్సెల్‌కి తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే జవాబు చెప్పగలిగేవాడు. ఆమె తిట్టలేదు, తప్పించుకోవడానికి దారి ఇచ్చింది. నెరిసిన జుట్టు, వెలిసిన పూల గౌను, ఆ వీపుకేసి చాలాసేపు చూశాడు. ఇంత నిఖార్సుగా తనను ఎవరూ నమ్మలేదనిపించింది.

"కొండ వెనక నుంచి ఇంకో దారుంది," అన్నాడు చివరికి. "ఖర్చెక్కువని పక్కన పెట్టాం. సంతకం పెట్టేది నేనే. రోడ్డు అటే పోతుందని చెప్పండి."

డోరీన్ చెప్పొచ్చింది. వస్తూ వస్తూ బూడిదలో కాల్చిన రొట్టె ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మీ అత్త పంపింది, తిను."

రస్సెల్ రొట్టె తింటూ నవ్వాడు. "మీలో ఇలాంటి పేర్లు చాలా ఉన్నాయట కదా. ఇంకే పేరైనా తగిలుంటే ఆమె పక్కనే కూర్చుని అన్నీ వివరంగా చెప్పేవాణ్ణి. ఒప్పుకునేదేమో కూడా."

"ఒప్పుకునేది," అంది డోరీన్. "పోయినసారి వచ్చిన ఆఫీసరుకి కొడుకు వరస పేరు పెట్టాం. పక్కన కూర్చుని అమ్మా అని అడిగితే కాదనలేకపోయింది. అప్పుడు పోయిన ఇంకో చెలమ మీద ఇప్పుడు పెట్రోలు బంకుంది. అందుకే ఈసారి ఎవడొచ్చినా అల్లుణ్ణి చేసెయ్యమని, నీ కారు దుమ్ము కనబడకముందే చెప్పి పెట్టింది."