తెలుగులో రాసుకున్న నోట్సు

గోదాములో తోటి సేల్స్‌గర్ల్ అలివేలుమంగ చేతిలో తన నోటుపుస్తకం చూసి ప్రణతి గుమ్మంలోనే ఆగిపోయింది. చెన్నై టి. నగర్‌లోని ఆ చీరల షాపులో సేల్స్‌గర్ల్‌గా చేరింది షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద పరిశోధన కోసమని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ తెలుగు చదివేవాళ్ళెవరుంటారులే అని అన్నీ తెలుగులోనే రాసుకుంది.

"నేను సౌకార్‌పేటలో తెలుగు బళ్ళోనే చదివినా పాపా," అంది అలివేలుమంగ.

"అక్కా, నేను యూనివర్సిటీ నుంచి... మిమ్మల్ని మోసం చేద్దామని కాదు..."

"నువ్వెవురైతే నాకేంది? నిన్ను నమ్మి చెప్పిన నా వయసు ఈడ రాసినావే! యాభై ఎనిమిదంట. నలభై ఆరని చెప్పి చేరినా నేను. వారం వారం జుట్టుకి రంగేసుకోని నెట్టుకొస్తా ఉండా. మేనేజరుకి తెలిస్తే రేపట్నించి రావద్దంటాడు." అలివేలుమంగ గొంతు తగ్గించింది. "ఇంకెవురికన్నా చూపించినావా?"

"లేదక్కా," అంటూ ప్రణతి ఆ పేజీ చించేసింది.

అంతలో బయటినుంచి మేనేజరు కేకేశాడు. అలివేలుమంగ కొంగుతో కళ్ళు తుడుచుకుని కౌంటరు దగ్గరికి పరుగెత్తింది.

"వాంగమ్మా, వాంగ!" అని కొనడానికొచ్చినవాళ్ళని తమిళంలో రమ్మని పిలుస్తూ నోరారా నవ్వింది.

ఆ నవ్వు గురించి ప్రణతి మూడు నెలలుగా పేజీలకు పేజీలు రాసింది. అది భయమని మాత్రం ఒక్కచోటా రాయలేదు.