పదకొండు అధ్యయనాలు, ఒక మోకాలు

“పదకొండు అధ్యయనాల్లో ఆరే రెండూ కొలిచాయి నాన్నా,” అంది ప్రియదర్శిని, లాప్‌టాప్ తండ్రి వైపు తిప్పుతూ. “నొప్పి ఎంత తగ్గింది, నడక ఎంత మెరుగైంది అని. మిగతావాటిలో మూడు నొప్పే చూశాయి, రెండు నడకే చూశాయి.”

“సగం సరుకున్నవి పక్కన పారెయ్,” అన్నాడు సత్తిరాజు.

సత్తిరాజు రాయపూర్‌లో ముప్పై ఏళ్లుగా బియ్యం బ్రోకరు. కింద ఆఫీసు, రెండో అంతస్తులో కాపురం. మిల్లరు మాటని సగానికి, కొనేవాడి మాటని పావుకి నమ్మి పైకొచ్చినవాడు. ఇప్పుడు మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న బేరం ఇంట్లోకి వచ్చిపడింది. డాక్టరు చేయించమన్నాడు. కానీ అమ్మేవాడి మాట మీద సరుకు కొనడం సత్తిరాజుకి అలవాటు లేదు. అందుకే మెడికల్ కాలేజీలో గణాంకాలు చూసే కూతుర్ని కూర్చోబెట్టి, లోకంలో ఈ ఆపరేషన్ అయినవాళ్ల లెక్కలన్నీ కలిపి చెప్పమన్నాడు.

పారెయ్యకూడదంది ప్రియదర్శిని. నొప్పీ నడకా ఒకే మోకాలివి. ఒకటి తెలిస్తే రెండోదాని జాడ కొంత తెలుస్తుంది. అలాగని రెండిటినీ రెండు వేరు వేరు సాక్ష్యాలుగా కలిపేస్తే మోసపోతామంది.

సత్తిరాజు బల్ల మీది నమూనా బియ్యం గుప్పిట్లోకి తీసుకున్నాడు.

“ఒకే బస్తాలోంచి తేమ చూస్తాను, నూక చూస్తాను. మరీ ఎండిన సరుకైతే నూక ఎక్కువ. తేమ ఒక్కటే చెప్పినా నూక ఎంతుంటుందో నేను అందాజుగా చెప్పగలను. కానీ రెండు పరీక్షలు చేశాను కదా అని రెండు బస్తాలు చూసినట్టు కాదు. అంతేనా?”

“అంతే. ఇది నాకు అర్థమవడానికి ఆరు నెలలు పట్టింది.”

“ఆ రెండూ ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాయో కాయితాల్లో రాశారా?”

“చాలావాటిలో లేదు. తక్కువనుకుని ఒకసారి, ఎక్కువనుకుని ఒకసారి లెక్క చేసి చూడాలి.”

“అంటే ఊహ.”

“ఊహే. కానీ ఎంత ఊహించామో ముందే చెప్పి ఊహిస్తాం.”

“మా మండీలో ఆ చెప్పడం ఒక్కటే ఉండదు,” అన్నాడు సత్తిరాజు.

రంగనాయకమ్మ టీ తెచ్చింది. పైనుంచి కింద ఆఫీసుకి వచ్చేసరికి అది చల్లారిపోయింది. భార్య మెట్ల మీద రెండు చోట్ల ఆగి పక్కింటివాళ్లతో కబుర్లు పెట్టుకుంటుందని సత్తిరాజు అనుమానం. రోజూ ఇదే వరసని విసుక్కుంటే, రేపట్నించి ఫ్లాస్కులో పోసి తెస్తానని ఆవిడ వెళ్లిపోయింది.

“అమ్మ ఏమంటోంది?” అంది ప్రియదర్శిని.

“దాన్నడిగేదేముంది? లెక్క తేల్చి మనమే చెబుదాం.”

మర్నాడు రైల్లో తిల్దా అనే ఊళ్లో మిల్లుకి వెళ్లినవాడు పనిలో పనిగా పున్నయ్య ఇంటికీ వెళ్లాడు. పున్నయ్య రైల్వేలో గార్డుగా రిటైరయ్యాడు, రెండు మోకాళ్లూ మార్పించుకున్నాడు. వాకిట్లో ఈ చివర్నించి ఆ చివరికి నడిచి చూపించాడు. నొప్పి సంగతి అడిగితే మళ్లీ నడిచి చూపించాడు. ఇన్ని ప్రశ్నలేమిటి, భయమా అని నవ్వాడు. భయం కాదు, విచారణ అన్నాడు సత్తిరాజు. కానీ గడప దిగేలోగా మూడుసార్లు మెడ తుడుచుకున్నాడు.

స్టేషన్ నుంచి కూతురికి ఫోన్ చేశాడు. “నడక ఉంది. నొప్పి గల్లంతు.”

“చెప్పలేదంటే లేదని కాదు నాన్నా.”

ఆదివారానికి లెక్క తేలింది. ఆ ముడి వదులనుకున్నా, గట్టిదనుకున్నా జవాబు మారలేదు. చేయించడమే మేలంది ప్రియదర్శిని.

“మూడు నెలలు మెట్లెక్కకూడదంట,” అన్నాడు సత్తిరాజు. “అసలే ధాన్యం దిగే రోజులు. మిల్లులవాళ్లు పొద్దుట్నించీ వస్తూనే ఉంటారు. ఇక్కడ పనంతా ఏమవ్వాలి? దాని గురించి ఆ పదకొండు మందిలో ఒక్కడైనా కొలిచాడా?”

“లేదు.”

“అసలుదే కొలవలేదు. వాళ్లేం చదువుకున్నారు?”

“వాయిదా వేస్తే కాలు వంకరపోతుందన్నాడు డాక్టరు. అప్పుడు మూడు నెలలతో పోదు.”

సత్తిరాజు క్యాలెండరు తిప్పి మూడు నెలలు లెక్కపెట్టాడు. నష్టం రెండువైపులా ఉన్నప్పుడు చిన్నదాన్ని పట్టుకోవడమే వ్యాపారం. సరేనన్నాడు.

రంగనాయకమ్మ రెండు రోజులు వంటింట్లోంచి కదల్లేదు. కందిపొడి, కరివేపాకు పొడి, ఇంకో రెండు రకాలు కొట్టి డబ్బాలకెత్తింది. దుప్పట్లు, తువ్వాళ్లు, చెంబు సంచిలో సర్దింది.

ఆసుపత్రిలో నర్సు లీలావతి తెలుగావిడే. ఆ కాకినాడ యాస వినగానే సత్తిరాజుకి ప్రాణం కాస్త కుదుటపడింది. అయినా కాయితం మీద సంతకం చెయ్యాల్సిన చోట తేదీ వేశాడు. ఇలాంటివి రోజూ చేస్తాం, ధైర్యంగా ఉండండి అంకుల్ అంది లీలావతి. పదకొండు అధ్యయనాలు చూశాకే వచ్చానని చెప్పబోయి, మంచినీళ్లు అడిగాడు.

లీలావతి చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. “పేషెంటు ఇందులో కూర్చోవాలి,” అంది.

రంగనాయకమ్మ సంచి మొగుడి చేతికిచ్చి, కుర్చీలో కూర్చుంది.