తోటలో మూడో మనిషి

గుడిసె తలుపు తోసుకుని లోపలికి వచ్చిన అచ్చియ్యమ్మ అక్కడే ఆగిపోయింది.

జ్వరంతో ఒళ్ళు తెలియకుండా ఉన్న భర్త సత్యారావు తల ఎవరో ఆడమనిషి ఒళ్ళో ఉంది. ఆమె అతని నోట్లో కొద్దికొద్దిగా గంజి పోస్తోంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి యేడు వానాకాలం అది. మాడుగుల అవతల కొండల మీది కాఫీ తోటలో సత్యారావు మేస్త్రీ. పెళ్ళయి రెండేళ్ళయినా భార్యను చోడవరంలో తల్లి దగ్గరే ఉంచాడు. కొండ నీళ్ళు నీకు పడవనేవాడు. తోటలో అతనికి ఇంకో మనిషి ఉందని సంతలో ఒకరిద్దరు అంటే అచ్చియ్యమ్మ నమ్మలేదు. జ్వరమని కబురు వస్తే మాడుగుల దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి కొండ ఎక్కింది.

"నువ్వెవత్తివే?"

ఆమె సత్యారావు తలను మెల్లగా దిండు మీదకు దించి లేచింది.

"దేముడమ్మనమ్మా. తోటలో కలుపు తీస్తాను."

"నా మొగుడికి నువ్వేటవుతావు?"

దేముడమ్మ చెంగు మెడ మీదకు లాక్కుంది. అచ్చియ్యమ్మ ఆమె రెక్క పట్టుకుని వానలోకి నెట్టింది. ఆమె పెనుగులాడలేదు. బయట తడుస్తూ నిలబడి ఒక్క మాట అంది.

"సలొచ్చినపుడు ఒక్కడినీ ఒగ్గీకమ్మా. బయపడతాడు."

ఆమె ఎక్కడికీ పోలేదు. కాఫీ గింజలు ఆరబెట్టే పాకలో ఉండిపోయింది. పొద్దున్నే కుండతో నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేది. అచ్చియ్యమ్మ ఆమె చూస్తుండగానే పారబోసేది.

జ్వరం ఎక్కువైతే సత్యారావు దేముడమ్మ పేరే పలవరించేవాడు. తన పేరు ఒక్కసారైనా వస్తుందేమోనని అచ్చియ్యమ్మ చెవులు రిక్కించుకుని కూర్చునేది. రాలేదు.

పక్క గుడిసె మంగాయమ్మ వచ్చింది. దేముడమ్మకీ జ్వరమేనని, పాక కారుతోందని, ఇంట్లో ఓ మూల పడుకోనిమ్మని బతిమాలింది. అచ్చియ్యమ్మ తలుపు వేసేసింది.

ఓ రోజు నీళ్ళ కుండ రాలేదు.

ఆ పూటే సత్యారావుకి జ్వరం విడిచింది. కళ్ళు తెరిచి, భార్యను చూసి తెల్లబోయాడు. తర్వాత గుడిసె అంతా కళ్ళతో వెతికాడు.

"దేముడమ్మ ఏది?"

అచ్చియ్యమ్మ నోరు విప్పేలోగా బయట అడుగుల చప్పుడయింది. తోట కూలీలు దేముడమ్మను వెదురు పాడె మీద మోసుకొచ్చి, ఆ గుమ్మం ముందే దింపారు.

సత్యారావు లేవబోయాడు. మంచం పట్టె పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"నా గుమ్మంలో ఎందుకు దింపేరు?" అంది అచ్చియ్యమ్మ. గొంతులో మునుపటి కోపం లేదు.

మంగాయమ్మ వంగి, దేముడమ్మ మెడ మీది చెంగు కాస్త పక్కకు తీసింది. పసుపుతాడు కనిపించింది.

"ఇది కట్టినోడు నీ ఇంట్లోనే ఉన్నాడమ్మా," అంది. "మేవందరం సూస్తుండగా, నీ పెళ్ళికి ముందే కట్టేడు."