పేలపుట్ట పక్కన చోటు

"రేపట్నుంచి నేను బడికి రాను టీచర్," అంది చివరి బెంచీ పిల్ల, తల ఎత్తకుండా.

ముగ్గురు పట్టే ఆ బెంచీ మీద ఒక్కతే కూర్చునుంది. మిగతా మూడో తరగతంతా ముందు బెంచీల్లోనే సర్దుకుంది, ఒకరి మోచేతులు ఒకరి డొక్కల్లో గుచ్చుకుంటున్నా సరే. వారం రోజులుగా ఆ పిల్ల పేరు పేలపుట్ట. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించడం లేదు. పొద్దున ఎవరో బ్యాగు మీద కూడా అదే రాసిపెట్టారు.

టీచర్‌కి ఒళ్ళు మండింది. ఈ పుకారు ఎక్కడ పుట్టిందో ఇవాళ తేల్చాల్సిందే అనుకుని సుద్దముక్క అందుకుంది. నీకెవరు చెప్పారు, మరి నీకెవరు చెప్పారు అని ఒక్కొక్కరినీ లేపి అడుగుతూ, బోర్డు మీద పేర్లు రాసి బాణాలు గీసుకుంటూ పోయింది. చూశావా అంటే చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ విన్నవాళ్ళే. బాణాలన్నీ తిరిగి తిరిగి క్లాసు లీడర్ దగ్గర ఆగాయి.

రెండు జడలూ రిబ్బన్లతో బిగించి కట్టుకున్న ఆ పిల్ల తడుముకోకుండా లేచింది.

"కళ్ళారా చూశాను టీచర్. మీరు దిద్దిన నోట్‌బుక్కులు పంచుతుంటే, దీని పుస్తకం మీద పాకుతోంది."

"చీమేమో?"

"చీమేదో పేనేదో నాకు తెలీదా టీచర్? చూడగానే పోల్చాను."

ఇంతలో గంట కొట్టారు. పిల్లలంతా బయటికి పరిగెత్తారు, చివరి బెంచీ పిల్ల తప్ప. టీచర్ వెళ్ళి ఆ పక్కన కూర్చుంది.

"ఉంటే ఉన్నాయిలే అమ్మా, అదేం నేరం కాదు. మందు నేను తెచ్చిస్తాను."

"నాకు లేవు టీచర్. మా అమ్మ రోజూ తల చూస్తుంది."

"మరి ఆ మాట వారం నుంచీ ఎందుకు చెప్పలేదు?"

పిల్ల గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఆ రోజు నా పుస్తకం దిద్దుతూ మీరు తల గోక్కున్నారు టీచర్. అప్పుడు రాలింది. చెబితే మిమ్మల్ని కూడా అలాగే పిలుస్తారు కదా."

టీచర్ చెయ్యి దానంతటదే ముడి మీదికి పోయింది. నిజమే, పది రోజులుగా ఒకటే దురద. చుండ్రు అనుకుంది. ముందు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎనిమిదేళ్ళ పిల్ల వారంపాటు తన కోసం మాట పడిందని తలుచుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిల్లలు తిరిగొచ్చేసరికి బోర్డు మీద ఇంకో బాణం ఉంది. అది లీడర్ పేరు దగ్గర బయల్దేరి 'టీచర్' అన్న మాట దగ్గర ఆగింది. టీచర్ చివరి బెంచీలోనే కూర్చునుంది.

"ఆ పేను నా తలలోది," అంది. "ఇక పిలిస్తే నన్ను పిలవండి. ఇక్కడ ఇంకొకరికి చోటుంది. ఎవరొస్తారు?"

ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదల్లేదు. చివరికి లీడరే బ్యాగు తీసుకుని వచ్చింది. చివరి బెంచీ పిల్లకి సారీ చెప్పింది. తర్వాత రిబ్బన్లు రెండూ విప్పేసి, క్లాసంతటికీ వినపడేలా అంది:

"కొంచెం జరగండి టీచర్. నాకూ ఉన్నాయి."