వినాయక్ విడుదల

మొబైల్ దొంగతనం కేసులో పదిహేనేళ్ల వినాయక్ రిమాండ్ హోమ్‌కు వచ్చి నెలలు గడిచాయి. కామాటిపురా చాల్‌లో ఒక ఇరుకు గదిలో ఉంటూ ఇళ్లల్లో పనిచేసే తల్లి బాలమణి, ప్రతి వాయిదాకూ వచ్చి కొడుకును విడిచిపెట్టమని ఏడ్చేది. ఇవాళ హోమ్‌లోనే జరిగిన విచారణలో పిల్లల కేసులు చూసే బోర్డు మేడమ్ మెత్తబడింది.

"ఇంటికి పంపిస్తే మళ్లీ దొంగతనం చేస్తావా?" అని హిందీలో అడిగింది.

"చేస్త" అన్నాడు వినాయక్.

"మొద్దోడు మేడమ్, ఏం మాట్లాడుతడో వానికే తెల్వది" అంటూ బాలమణి కొడుకు నోరు మూయబోయింది. వాడు ఆమె చేతిని మెల్లగా తప్పించాడు.

"అవ్వా, ఈడ ఒక టీచర్ ఉన్నది. నాకు అక్షరాలు ఉల్టా కనవడ్తయని ఆమెనే కనిపెట్టింది. అది మొద్దుతనం కాదంట. పక్కన కూసోని నేర్పిస్తది. మొన్న ఒక కథ మొత్తం నేనే చదివిన. బయట నాకెవరు నేర్పిస్తరు? దొంగతనం చేస్తే మల్ల ఈడికే తెస్తరు గద!"

బాలమణికి పాత రోజులు గుర్తొచ్చాయి. చదవడం రాదని బడిలో కొట్టి పంపితే, ఇంట్లో తనూ కొట్టింది. వాడు బడి మానేశాక ప్రేమగా దగ్గరికి తీసింది ఫోరస్ రోడ్డులో ఫోన్లు కొట్టేసే కుర్రాళ్లే.

వాడు తెలుగులో చెప్పింది అర్థం కాని మేడమ్, తల్లి మాటే నమ్మి విడుదల కాగితం మీద సంతకం చేయబోతోంది. బాలమణి గబగబా ముందుకొచ్చి చేతులు జోడించింది.

"మేడమ్, వీణ్ని ఇంకొన్ని దినాలు ఈడనే ఉంచుండ్రి."