గడప ముందు ముగ్గు

గోడలకు చెవులుంటాయని విన్నదే గానీ, కళ్ళు కూడా వస్తాయని ఎల్లవ్వ అనుకోలేదు. న్యాయమైన అద్దె చట్టం వచ్చాక ప్రతి గది అద్దెనూ ఆ గది గోడే తేలుస్తోంది. గది ముచ్చటగా కనిపిస్తే పెంచేస్తుంది. అందుకే ఎల్లవ్వ గదిని కావాలనే మసిపట్టనిచ్చింది. అయినా అద్దె ఒంటిగా మోయలేక సగం గది భారతమ్మకు అద్దెకిచ్చింది. ఇంకొక్క రూపాయి పెరిగితే ఇద్దరికీ రోడ్డే గతి.

వచ్చిన మర్నాడు పొద్దున్నే భారతమ్మ అలవాటుకొద్దీ గడప ముందు చుక్కల ముగ్గేసింది.

"గది అందం పెరిగింది, అద్దె పెరిగింది," అంది గోడ.

"నీ చేతులిరుగ! ఇద్దర్నీ బజార్ల పడేస్తివి కదనే!" ఎల్లవ్వ నెత్తి కొట్టుకుంది.

"ముగ్గెయ్యకుంటె పీనుగెల్లిన ఇల్లనుకోరా అక్కా?"

ఇద్దరూ వంగి కొంగులతో ముగ్గంతా తుడిచేశారు.

"గది శుభ్రత కూడా పెరిగింది," అంది గోడ.

ఎల్లవ్వ చాప చుట్టడం మొదలుపెట్టింది.